దోషం అడగడం

భావనపాడు ఇసకలో, సరుగుడు తోట వెనక
రొయ్యపిల్లల హేచరీలో నాది రాత్రి డ్యూటీ.
తెల్ల మగ్గుతో ఉప్పునీళ్ళు ముంచి
టార్చి వెలుగులో
కనురెప్ప వెంట్రుకంత పిల్లల్ని లెక్కెట్టడం.

ఆవిడ బేంకాక్ అవతల ఏదో ఊరినుంచి వచ్చింది.
కాగితం మీద సుఫత్రా.
మేనేజరు రెండుసార్లు చదివి "సుభద్ర కదేటి!" అన్నాడు.
ఇంట్లో పిలిచేది మాత్రం కుంగ్.
కుంగ్ అంటే రొయ్య.
"రొయ్యల్ని పెంచడానికి రొయ్యే వచ్చింది నాయినా"
అని మైలపిల్లి ఎర్రమ్మత్త పొట్ట పట్టుకుని నవ్వింది.
మా మాటలో కుంగడమంటే వేరేనని
నేను చాన్నాళ్ళు చెప్పలేదు.

మొదటి మాట ఆకలి దగ్గర దొరికింది.
"కిన్ ఖావ్ రూ యాంగ్?"
అన్నం తిన్నావా, ఇంకా లేదా?
పలకరింపే అది.
మా వాడలోనూ అంతే గదా,
ఎదురుపడితే "తిన్నావేటే?" అంటాం.
పొయ్యి వెలగని రోజు కూడా
"ఆఁ, తిన్నాను" అని బొంకుతాం.
ఆ బొంకు కూడా వాళ్ళకుందిట.

తర్వాత మాటలకి మెట్లొచ్చాయి.
"మా" అంటే రా.
అదే పైనుంచి పలికితే గుర్రం,
కిందనుంచి లాగి లేపితే కుక్క.
వారం రోజులు ఆవిణ్ణి ఎంతో మర్యాదగా
కుక్కా కుక్కా అన్నాను.
పుస్తకంలో గీతలు చూపించింది, బుర్రకెక్కలేదు.
ఎర్రమ్మత్త తట్ట నెత్తినెట్టుకుని
"సేపలోయ్" అని చివర పైకి విసురుతుందే
అది కుక్క.
తూకంలో మోసం చూసి "ఓలమ్మా" అని జారుస్తుందే
అది రొయ్య.
అలా పట్టుకున్నాను.

ఒకనాడు ఆవిడ గదిలో కాళ్ళు చాపుకు కూర్చున్నాను.
ఎదురుగా గోడమీద చిన్న బుద్ధుడు.
ఏమీ అనలేదు. నా మోకాళ్ళు రెండూ
నిద్రపోయే పిల్లని తిప్పినట్టు
గుమ్మం వైపు తిప్పింది.
ఆ రాత్రి పాఠం ఒక దిక్కు.

ఆహారం వాళ్ళకి ఆహాన్.
రసం రోత్. రోతనుకునేరు, రుచి.
సముద్రం సముత్.
దారిలో ఎక్కడో చివరక్షరాలు కెరటాలకిచ్చేసి
ఒడ్డెక్కినట్టున్నాయి.
నువ్వు అనడానికి ఖున్ అంటారు, మన గుణమేనట అది.
నన్ను ఒసే అన్నారు, ఏయ్ గుంటా అన్నారు.
గుణమా అని పిలిచినవాళ్ళు
అంతకుముందు లేరు.

కార్తీక పున్నమికి అరటిబోదె కావాలంది.
వెడల్పు చక్రం కోసి, ఆకు మడిచి రేకులు కుట్టి
మధ్యన కొవ్వొత్తి నిలబెట్టింది.
మేమూ వదుల్తాం, పోలి పాడ్యమికి, అన్నాను.
ఇద్దరం గెడ్డలోకి దిగాం.
"మే ఖోంగ్‌ఖా" అని నీళ్ళకి మొక్కింది.
గంగమ్మేనా?
గంగమ్మే.
ఏటడిగావు?
"ఖో థోత్."
ఖో అంటే అడగడం. థోత్ అంటే దోషం.
ఏడాదంతా వాడుకున్నాం, మురికి చేశాం, ఉమ్మేశాం,
ఆ దోషం మాదని నీళ్ళతో చెప్పుకోవడం.

నాకు చెయ్యాడలేదు.
మా వాడ గంగమ్మని చాలా అడిగింది.
వలనిండా ఇమ్మని, తెప్పని తిప్పి పంపమని,
తుఫానుని ఒడిసా వైపు మళ్ళించమని కూడా.
తప్పయిందని మాత్రం...
హేచరీ మందునీళ్ళ గొట్టం తెరుచుకునేది ఈ గెడ్డలోకే.
వాల్వు తిప్పేది నేనే, తెల్లారగట్ల నాలుగింటికి.

కుంగ్ దీపం గండి దాటింది.
నాది గొట్టం దగ్గర సుడిలో తిరిగి తిరిగి
ఆరిపోయింది.
"మై పెన్ రాయ్" అంది. ఏం కాదులే.
ఏదో అయిందని ఇద్దరికీ తెలుసు.

నాలుగైంది. వాల్వు తిప్పక తప్పదు.
దానిమీద చెయ్యేసి
"ఖో థోత్" అన్నాను, నీళ్ళకి వినపడేంత.
స్వరం ఎక్కడో జారే ఉంటుంది,
ఏ గుర్రాన్నో అడిగుంటాను.
సముత్ కాసేపాగి
చివరక్షరం మింగేసి
వెనక్కెళ్ళింది.